మన చేతి పూసల దండ

కొల్లేటి నడుమ ఒక లంక ఊరు. మాఘం వెళ్ళింది. ఫాల్గుణం వచ్చింది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరనాళ్ళు దగ్గర పడ్డాయి. ఊళ్ళో ఆడపిల్లలంతా తిరనాళ్ళ మాటే. ఎవరు ఏం కొనుక్కుంటారు? ఎవరు ఎవరితో వెళ్తారు?

ఆ ఊళ్ళో ఒక తల్లి ఉంది. తెల్లారితే చేపల చెరువు మీద కూలి పనికి పోతుంది. చీకటి పడ్డాక ఇంటికి వస్తుంది. పోయినేడు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆమె కూతురు నాలుగో తరగతి చదువుతోంది.

"అమ్మా, తిరనాళ్ళకి పూసల దండ కొనిపెట్టవే" అంది కూతురు.

"పోయినేడు కొన్నాను కదే. నాలుగు రోజులకే రంగు పోయింది. మెడ చుట్టూ దద్దుర్లు వచ్చాయి. మళ్ళీ అదేనా?" అంది తల్లి.

పిల్ల మారు మాట్లాడలేదు. ఇంటి వెనక్కి వెళ్ళింది. అక్కడ దడి మీద చిరిగిన విసురువల ఆరేసి ఉంది. వల అంచుకి సీసం గుళ్ళు ఉన్నాయి. గుండ్రంగా, మధ్యలో చిల్లుతో, అచ్చం పూసల్లాగే ఉన్నాయి. పిల్ల వాటిని ఊడదీసింది. కొన్నింటిని పంటితో నొక్కి సరిచేసింది. దడికి పాకిన తీగ నుంచి ఎర్రటి గురివింద గింజలు కోసుకొచ్చింది. ఒక సీసం గుండు, ఒక గురివింద గింజ, మళ్ళీ సీసం గుండు. ఇలా గుచ్చాలని ఆమె ఆలోచన. గింజకి సూది దిగడం లేదు. దాన్ని పళ్ళ మధ్య పెట్టింది.

అప్పుడే మామ్మ చూసింది.

"ఒసే! ఉమ్మెయ్యి! ముందు ఉమ్మెయ్యి!"

పిల్ల ఉమ్మేసింది. మామ్మ ఆ గింజను నీళ్ళతో కడిగింది. వెలుగులో పెట్టి చూసింది. పగుళ్ళు లేవు. "ఎన్ని కోశావు?" అని అడిగింది. ఏడు కోశానంది పిల్ల. మామ్మ లెక్క పెట్టింది. ఏడూ ఉన్నాయి. ఏడూ చితక్కుండా ఉన్నాయి. అప్పుడు గాని మామ్మకి గుండె దడ తగ్గలేదు.

మామ్మ ఎందుకంత భయపడింది?

గురివింద గింజ మనకు కొత్త కాదు. వెనకటికి కంసాలులు బంగారాన్ని ఈ గింజలతోనే తూచేవారు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని సామెత కూడా ఉంది. కింద నలుపే కాదు, లోపల గట్టి విషం కూడా ఉంది. గింజ పైతోలు చాలా గట్టిది. నమలకుండా మింగితే ఒక్కోసారి అలాగే బయటకు పోతుంది. కానీ నమిలితే, చితికితే, చిల్లు పొడిస్తే లోపలి విషం బయటకు వస్తుంది. దండ గుచ్చాలంటే చిల్లు పొడవాల్సిందే. అందుకే తీగ మీద ఉన్న గింజ కంటే దండలో ఉన్న గింజ మరీ ప్రమాదం. చంటిపిల్లలు దండ కనిపిస్తే నోట్లో పెట్టుకుంటారు కదా! ఆముదం గింజ సంగతీ అంతే. చారలతో అందంగా ఉంటుంది. దాన్నీ దండకు వాడకూడదు.

పిల్లలు ఈ గింజలు నమిలినట్టు అనుమానం వచ్చినా ఆగకూడదు. ఉప్పు నీళ్ళు తాగించి వాంతి చేయించాలని చూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. 108కి ఫోను చేయండి. మిగిలిన గింజలు చూపించడానికి వెంట పట్టుకెళ్ళండి. వాంతులు, విరేచనాలు వెంటనే రాకపోవచ్చు. కొన్ని గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు మొదలవుతాయి. పిల్ల బాగానే ఆడుకుంటోందని ఊరుకోవద్దు.

ఇక సీసం. ఇది మరో రకం శత్రువు. వాసన ఉండదు. వెంటనే నొప్పీ ఉండదు. కొద్ది కొద్దిగా ఒంట్లో చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. చదువు ఎక్కదు. రక్తం తగ్గుతుంది. కొల్లేటి ఊళ్ళలో వల లేని ఇల్లు తక్కువ. గుళ్ళను పంటితో నొక్కడం చాలా మందికి అలవాటు. అది మానాలి. వల బాగుచేశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వంట పొయ్యి మీద సీసం కరిగించకూడదు. ఆ పొగా విషమే.

ఆ సాయంత్రం తల్లి ఇంటికి వచ్చింది. జరిగింది విని పిల్లను దగ్గరకు తీసుకుంది. తిట్టలేదు.

"మీ తాత వలకి సీసం ఎక్కడిదే? మట్టి గుళ్ళే. మేమే చేసి కాల్చేవాళ్ళం" అంది మామ్మ. "ఆ గుళ్ళే చిన్నవి చేస్తే పూసలు కావా?"

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పూసల పని మొదలైంది.

మట్టి పూసలు ఎలా చేశారు?

చెరువు గట్టు నుంచి నల్ల బంకమట్టి తెచ్చారు. పైపొర తీసేసి లోపలి మట్టి తవ్వారు. ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టారు. పాత చీర ముక్కలో వేసి వడకట్టారు. గడ్డి వేళ్ళు, రాళ్ళు, నత్త గుల్లల ముక్కలు గుడ్డలో మిగిలిపోయాయి. అడుగున పేరిన మెత్తని మట్టిని ఆరబెట్టి, చపాతీ పిండిలా చేశారు.

ఒట్టి నల్ల మట్టి ఆరేటప్పుడు బీటలు వారుతుంది. వేసవిలో మన చేలు చూడండి, ఎలా నోళ్ళు తెరుస్తాయో! అందుకని నాలుగు పిడికిళ్ళ మట్టికి ఒక పిడికెడు సన్న ఇసుక కలిపారు. బాగా పిసికారు. చిన్న ముద్ద తీసుకుని అరచేతుల మధ్య గుండ్రంగా చేశారు. ఆరితే మట్టి కుంచించుకుపోతుంది. ఒక సెంటీమీటరు పూస కావాలంటే కొంచెం పెద్దదే చేయాలి.

చిల్లు ఎప్పుడు పెట్టాలి? ఇక్కడే పిల్ల తొందరపడింది. మెత్తగా ఉండగానే ఈనెపుల్ల గుచ్చింది. పూస అప్పచ్చిలా అణిగిపోయింది. మామ్మ నవ్వింది. "ఒక గంట ఆగు. తోలు కట్టనీ" అంది. కొంచెం గట్టిపడ్డాక పుల్లను తిప్పుతూ గుచ్చితే చిల్లు చక్కగా వచ్చింది. పూసలను నాలుగు రోజులు నీడన ఆరబెట్టారు. చివరి రోజు ఎండలో పెట్టారు. తడి ఉంటే పూస మంటలో టప్పున పేలుతుంది. లోపలి నీరు ఆవిరై బయటకు తోసుకు వస్తుంది కాబట్టి అలా అవుతుంది.

కాల్చడానికి పాత కుండ తీసుకున్నారు. అడుగున ఊక పోశారు. ఊకకు మన జిల్లాల్లో కరువా? ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఎటు పోయినా రైసు మిల్లులే. ఊక మీద పూసలు, పూసల మీద మళ్ళీ ఊక. పైన మూత పెట్టారు. కుండ చుట్టూ, పైనా పిడకలు పేర్చారు. ఇళ్ళకు దూరంగా, గాలి లేని వేళ నిప్పు పెట్టారు. పక్కనే రెండు బిందెల నీళ్ళు పెట్టుకున్నారు. లంక ఊళ్ళలో తాటాకు పాకలు ఎక్కువ. ఒక్క నిప్పురవ్వ చాలు. పిల్లను దగ్గరకు రానివ్వలేదు. పిడకలు మెల్లగా కాలాయి. తెల్లవారే దాకా కుండను కదపలేదు.

పొద్దున్నే మూత తీశారు. పూసలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మూసిన కుండలో గాలి ఆడదు. ఊక పొగ మట్టికి పట్టి నలుపు వస్తుంది. గాలి తగిలేలా కాల్చిన మట్టి మామూలుగా ఎర్రబడుతుంది. మన ఇంటి పెంకులు చూడండి.

తల్లి ఒక పూసను గ్లాసు నీళ్ళలో వేసింది. రాత్రంతా ఉంచింది. పూస కరిగితే సరిగా కాలలేదన్నమాట. మళ్ళీ కాల్చాలి. కరగలేదు. మామ్మ ఆ గ్లాసును పక్కింటి వాళ్ళకి కూడా చూపించి వచ్చింది.

కాగితం పూసలు

అన్నీ నల్లపూసలే అయితే పిల్లకి నచ్చలేదు. రంగులు కావాలంది. ఇంట్లో పాత క్యాలెండరు ఉంది. దాని కాగితం దళసరి, రంగులు బాగుంటాయి. తల్లి స్కేలు పెట్టి గీతలు గీసింది. అడుగున 2 సెంటీమీటర్ల వెడల్పు, పైకి పోను పోను సన్నగా, చివర మొనలా. పొడవు 25 సెంటీమీటర్లు. ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా గీస్తే కాగితం వృథా కాదు. ఒక్క కాగితం నుంచి 30కి పైగా ముక్కలు వచ్చాయి.

వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి ముక్కను ఈనెపుల్లకు బిగువుగా చుట్టాలి. మొదటి చుట్టుకి జిగురు రాయకూడదు. రాస్తే పుల్లకే అతుక్కుపోతుంది. తర్వాత జిగురు రాస్తూ చుట్టాలి. మొన వచ్చేసరికి మధ్యలో లావుగా, చివర్లు సన్నగా పూస తయారవుతుంది. పుల్ల లాగేస్తే చిల్లు సిద్ధం.

జిగురు ఇంట్లోదే. రెండు చెంచాల మైదా, గ్లాసు నీళ్ళు. సన్న సెగ మీద ఉండలు కట్టకుండా కలపాలి. గోడ పోస్టర్ల జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. మెడలో వేసుకునే పూసకు వద్దే వద్దు. పూసలు ఆరాక పైన వార్నీషు రెండుసార్లు పూసి రెండు రోజులు ఆరనివ్వాలి. లేకపోతే చెమటకు కాగితం ఊడి వస్తుంది.

కుంకుడు గింజలతోనూ దండలు చేస్తారు. తలంటుకున్నాక పారేసే ఆ నల్ల గింజ రాయంత గట్టిది. వడ్రంగి బరమా ఉంటే తప్ప చిల్లు పడదు. ఆ పని వాళ్ళు పెట్టుకోలేదు.

మామ్మకి మాత్రం తామర గింజల మీద మనసు. ఒకప్పుడు కొల్లేటిలో తామర, కలువ ఎంతో ఉండేవి. ఎండిన తామర కాయలో నల్లటి గట్టి గింజలు ఉంటాయి. వాటితో జపమాలలు గుచ్చుతారు. ఆ గింజ ఎంత గట్టిదో తెలుసా? చైనాలో ఎండిపోయిన ఒక పాత చెరువు అడుగున తామర గింజలు దొరికాయి. వాటిలో ఒకదాని వయసు సుమారు 1300 సంవత్సరాలు. దాన్ని నాటితే మొలిచింది! 1995లో శాస్త్రవేత్తలు ఈ సంగతి ప్రకటించారు.

కొల్లేరు రెండు డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దీనిలోకి నీళ్ళు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. తర్వాత తర్వాత సరస్సులో చేపల చెరువులు పెరిగాయి. 1999లో ప్రభుత్వం కొల్లేటిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ఇది ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చెరువు గట్లు కొట్టేశారు. కొందరికి అది మేలు, కొందరికి బతుకుతెరువు పోవడం. ఆ ఇంట్లో ఇప్పటికీ ఆ మాట వస్తే తండ్రి లేచి బయటకు వెళ్ళిపోతాడు. అభయారణ్యంలో అనుమతి లేకుండా మొక్కలు, కాయలు కోయకూడదు. అందుకని మామ్మ తామర గింజల ఆశ వదులుకుంది.

దండ లెక్క

తల్లి టేపు తీసుకుంది. పిల్ల మెడ చుట్టూ కొలిచింది. దండ 45 సెంటీమీటర్లు ఉంటే చాలు. కాగితం పూస 2 సెంటీమీటర్లు. మట్టి పూస 1 సెంటీమీటరు. రెండూ కలిపి 3. 45ని 3తో భాగిస్తే 15. అంటే 15 కాగితం పూసలు, 15 మట్టి పూసలు. ముడులకు 20 సెంటీమీటర్లు అదనం. దారం 65 సెంటీమీటర్లు కత్తిరించింది. మామ్మకి 60 సెంటీమీటర్ల దండ కావాలట. దానికి ఎన్ని పూసలు పడతాయి? మీరు లెక్క కట్టండి.

ఇంట్లో వల అల్లే నైలాను దారం ఉంది. అది తెగదు. తెగకపోవడమే చిన్న పిల్లలకు ప్రమాదం. ఆటలో దండ దేనికైనా తగులుకుంటే గొంతు బిగుస్తుంది. అందుకని పిల్లకి నూలు దారం, మామ్మకి నైలాను దారం. మూడు పూసలకు ఒక ముడి వేశారు. తెగినా అన్నీ రాలిపోవు. నిద్రపోయేటప్పుడు దండ తీసేయాలని పిల్లకి చెప్పారు.

పూసలు మిగిలాయి. మొత్తం అయిదు దండలు అయ్యాయి. తిరనాళ్ళలో పిల్ల మెడ చూసి నలుగురు అడిగారు, ఏ కొట్లో కొన్నావని.

వదిన తెచ్చిన కాగితం

వారం తిరిగింది. పక్కింటి వదిన పరుగున వచ్చింది. ఆమె చేతిలో అచ్చు కాగితం.

"వదినా, తాడేపల్లిగూడెం నుంచి మా చెల్లి పంపింది. పూసలు వాళ్ళే ఇస్తారంట. మనం గుచ్చి ఇస్తే దండకి 25 రూపాయలంట. 100 దండలకి 2,500! నీకు పనితనం ఉంది. నాకు నేర్పు. ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలంట."

"ఆగండి వదినా. వేలిముద్ర ఎందుకు? చదువుదాం" అంది తల్లి.

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మొదట 2,000 రూపాయల డిపాజిట్టు కట్టాలి. ఆ మాట వదినకి తెలుసు. కింద చిన్న అక్షరాలు ఉన్నాయి. అవి ఎవరూ చెప్పలేదు. "నాణ్యత లేని దండలు తిరస్కరించబడును. డిపాజిట్టు వాపసు ఇవ్వబడదు" అని ఉంది. నాణ్యత ఎవరు చూస్తారు? వాళ్ళే. ఆఫీసు ఎక్కడ? అడ్రసు లేదు. ఒక సెల్ నంబరు ఉంది, అంతే.

తల్లి పిల్ల నోటు పుస్తకం తీసుకుని లెక్క వేసింది. దండ గుచ్చడానికి అరగంట. 100 దండలకు 50 గంటలు. చెరువు మీద ఆమె కూలి 8 గంటలకు 400. గంటకు 50. 50 గంటలకు 2,500. అన్ని దండలూ తీసుకుంటే కూలి గిట్టినట్టే. కానీ వాళ్ళు 40 దండలు బాగాలేవని తోసేస్తే? మిగిలినవి 60. 60 దండలకు 1,500. కట్టిన డిపాజిట్టు 2,000. చేతి నుంచి 500 పోయింది. 50 గంటలూ పోయాయి.

"ఖాళీగా ఉన్న టైమే కదా వదినా" అంది వదిన, నెమ్మదిగా.

ఈ మాట మన జిల్లాలకు పాతదే. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. ఆ లేసు విదేశాలకు పోయింది. మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు ఆ ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడింది. 1982లో పుస్తకం రాసింది. రోజంతా అల్లుతున్నా వాళ్ళను కార్మికులుగా లెక్కించలేదు. ఇంటి ఆడవాళ్ళు ఖాళీ వేళ చేసుకునే పని అన్నారు. అందుకే వాళ్ళకు చాలా తక్కువ డబ్బు దక్కింది. లాభం వ్యాపారుల దగ్గర నిలిచింది.

పూసల పనిని తేలిక చేసి మాట్లాడడం కాదు ఇది. మన రాష్ట్రంలోనే ఏర్పేడు దగ్గర పాపానాయుడుపేట గాజు పూసల పనికి పేరున్న ఊరు. పాత కాలంలో మన దేశపు చిన్న గాజు పూసలు ఓడలెక్కి ఆఫ్రికా తీరం దాకా, ఇటు తూర్పు దేశాల దాకా పోయాయి. కానీ ఇంట్లో చేసిన మట్టి పూసల దండతో కడుపు నిండుతుందనుకుంటే పొరపాటే. తల్లి ఆ లెక్కా వేసింది. అయిదు దండలకు 15 గంటలు పట్టింది. దండకు 3 గంటలు. దారం, మైదా, వార్నీషు కలిపి దండకు 5 రూపాయలు. తిరనాళ్ళలో 60కి అమ్మినా మిగిలేది 55. కూలి లెక్కన చూస్తే 3 గంటలకు 150 రావాలి.

"అయితే దండలు దండగేనంటావా?" అంది వదిన.

"అమ్మడానికి దండగే. వేసుకోవడానికి కాదు" అంది తల్లి నవ్వుతూ.

వదిన అచ్చు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక వైపు తెల్లగా, దళసరిగా ఉంది.

"దీంతో ఎన్ని పూసలు వస్తాయి వదినా?" అని అడిగింది.

తల్లి స్కేలు కోసం లేచింది.